స్కాలర్‌షిప్పు ఉత్తరంలో షరతు ఎక్కడుంది?

ఒప్పందాల చట్టం చదివే ప్రతి విద్యార్థికీ మొదటి నెలలోనే ప్రపోజలు, యాక్సెప్టెన్సు, కన్సిడరేషను అనే మూడు మాటలు కంఠస్థమైపోతాయి. పరీక్షలో రాస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. కాని మన సొంత జీవితంలో మొదటిసారి పెద్ద మొత్తంతో ముడిపడిన ప్రతిపాదన ఒకటి చేతికి వచ్చినప్పుడు మాత్రం దానిని లా చదివిన వాళ్ళలా చదవం. పెళ్ళి శుభలేఖ అందుకున్న బంధువుల్లా చదువుతాం. "మీకు స్కాలర్‌షిప్పు మంజూరు చేయడానికి సంతోషిస్తున్నాము" అన్న మొదటి వాక్యం దగ్గరే మన కళ్ళు ఆగిపోతాయి. మూడో పేరాలో ఏముందో ఏడాది తరువాత తెలుస్తుంది.

మన కాలేజీ నుంచి ఎల్‌ఎల్‌.ఎం. కోసం విదేశాలకు వెళ్ళాలనుకునే వాళ్ళు ఇప్పుడు చాలామంది. పూర్వ విద్యార్థులలో అమెరికాలో స్థిరపడినవాళ్ళ పిల్లలు అక్కడి లా స్కూళ్ళలో చేరుతున్నారు. వీళ్ళంతా ఏదో ఒకనాడు "ఏ కాలేజీకి వెళ్ళాలి? ఎక్కువ స్కాలర్‌షిప్పు ఇచ్చినదానికా, ఎక్కువ పేరున్నదానికా?" అని అడుగుతారు. ఒప్పందాల చట్టం పాఠం చెప్పేవాడిని గనుక ఈ ప్రశ్న నా దాకా వస్తూనే ఉంటుంది. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. అయితే జవాబు వెతుక్కునే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. స్కాలర్‌షిప్పుల బేరం ఎక్కువగా నడిచేది అమెరికాలో కాబట్టి అక్కడి సంగతి ముందు చూసి, తరువాత మన సంగతికి వద్దాం.

కాలేజీ ఎందుకు ఇస్తుంది?

అమెరికాలో లా అనేది డిగ్రీ అయ్యాక చదివే మూడేళ్ళ చదువు. దానిని జె.డి. అంటారు. ప్రవేశానికి ముఖ్యంగా చూసేవి రెండు: డిగ్రీలో వచ్చిన సగటు మార్కులు, ఎల్‌శాట్ అనే పరీక్షలో వచ్చిన స్కోరు. ఆ స్కోరు 120 నుంచి 180 వరకు ఉంటుంది.

ఉపకార వేతనం అనే మాట వినగానే మనకు పేద విద్యార్థి గుర్తుకు వస్తాడు. అక్కడి లా స్కూళ్ళలో ఎక్కువ భాగం స్కాలర్‌షిప్పులు పేదరికం చూసి ఇచ్చేవి కావు, స్కోరు చూసి ఇచ్చేవి. హార్వర్డు, యేల్ వంటి ఒకటి రెండు మహా విద్యాలయాలు మాత్రం మెరిట్ స్కాలర్‌షిప్పులు పెట్టుకోకుండా ఆర్థిక అవసరాన్ని బట్టే సహాయం చేస్తాయి. తక్కినవి చాలావరకు మంచి స్కోరు ఉన్నవాడిని తమవైపు లాక్కోవడానికి ఫీజు తగ్గిస్తాయి.

ఎందుకు లాక్కోవాలి? అక్కడ కాలేజీలకు ర్యాంకులు ప్రకటించే పత్రికలున్నాయి. ఆ ర్యాంకుల్లో విద్యార్థుల ఎల్‌శాట్ మధ్యస్థ స్కోరుకు చాలా కాలం పెద్ద తూకం ఉండేది. 2022 నవంబరులో యేల్, హార్వర్డు ఆ ర్యాంకుల వ్యవహారానికి సహకరించబోమని ప్రకటించాయి. 2023లో ఆ తూకాన్ని బాగా తగ్గించారు. అయినా తన మధ్యస్థం పడిపోకూడదన్న తాపత్రయం ఏ కాలేజీకీ పోలేదు.

మధ్యస్థం అంటే సగటు కాదు. నూరుగురిని స్కోరు వరసలో నిలబెడితే నడిమధ్యన నిలిచినవాడి స్కోరు. కాబట్టి ఆ గీతకు ఒక్క మార్కు పైన ఉన్నవాడు కాలేజీకి చాలా విలువైనవాడు. ఒక్క మార్కు కింద ఉన్నవాడు అంత విలువైనవాడు కాడు. ఇద్దరి తెలివిలో తేడా ఆవగింజంత. ఇద్దరికీ వచ్చే ఉత్తరాల్లో తేడా వేల డాలర్లు ఉండవచ్చు. స్కాలర్‌షిప్పు మన ప్రతిభకు బిరుదు అనుకోవడం పొరపాటని ఇందువల్ల తెలుస్తుంది. అది ఒక ధర తగ్గింపు. మన స్కోరు ఆ కాలేజీ గీతకు ఎటువైపు ఉందన్నదానిని బట్టి వచ్చే తగ్గింపు. అదే స్కోరుకు ఒక కాలేజీ ఏమీ ఇవ్వదు, ఇంకో కాలేజీ మొత్తం ఫీజు మాఫీ చేస్తుంది.

ఇంకొక చేదు నిజం కూడా ఉంది. ఆ తగ్గింపు డబ్బు అంతా దాతల నిధి నుంచి రాదు. తక్కువ స్కోరుతో చేరి పూర్తి ఫీజు కట్టే విద్యార్థి దగ్గర నుంచి కూడా వస్తుంది. అతను అప్పు చేసి కడతాడు. పక్క బెంచీవాడికి అతను పరోక్షంగా దాత అన్నమాట.

కుర్చీలాట

ఇక షరతు సంగతి. స్కాలర్‌షిప్పులు మూడు రకాలు. మొదటిది, ఏ షరతూ లేనిది. రెండవది, కాలేజీలో సక్రమంగా కొనసాగుతున్నంత కాలం ఉండేది, అంటే ఫెయిలై బయటికి పోనంతవరకు. మూడవది, ఫలానా గ్రేడు సగటు నిలబెట్టుకుంటేనే, లేదా క్లాసులో పై మూడో వంతులో ఉంటేనే రెండో సంవత్సరం కొనసాగేది. ప్రమాదమంతా ఈ మూడవ దానితోనే.

"నాకు డిగ్రీలో ఎప్పుడూ ఫస్టు క్లాసే, ఆ మాత్రం సగటు రాదా?" అని అనుకోవడం సహజం. కాని అక్కడి లా స్కూళ్ళలో చాలాచోట్ల మొదటి సంవత్సరం మార్కులు మనిషి రాసిన పేపరును బట్టి మాత్రమే పడవు, పక్కవాడు ఎలా రాశాడన్నదానిని బట్టి కూడా పడతాయి. క్లాసు సగటు ఇంత ఉండాలని కాలేజీ ముందే నిర్ణయిస్తుంది. ఒకడు పైకి వెళితే ఇంకొకడు కిందికి దిగాల్సిందే.

ఒక ఊహా లెక్క చూడండి. క్లాసులో 198 మంది. వాళ్ళలో 120 మందికి "పై మూడో వంతులో ఉంటేనే" అనే షరతుతో స్కాలర్‌షిప్పు ఇచ్చారు. పై మూడో వంతు అంటే 66 మంది. ఆ 66 స్థానాలూ స్కాలర్‌షిప్పు వాళ్ళకే వచ్చినా సరే, 54 మంది స్కాలర్‌షిప్పు పోగొట్టుకోక తప్పదు. పూర్తి ఫీజు కట్టేవాళ్ళు పదిమంది పైకి వస్తే 64 మంది పోగొట్టుకుంటారు. ఎవరు ఎంత కష్టపడి చదివినా ఈ లెక్క మారదు. పిల్లల కుర్చీలాటలో అందరూ వేగంగా పరిగెత్తినంత మాత్రాన కుర్చీలు పెరుగుతాయా? ఈ సంగతి ఉత్తరం పంపేనాడు కాలేజీకి తెలుసు, అందుకున్న విద్యార్థికి తెలియదు.

2011 ఏప్రిల్ చివర న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ విషయంపై పెద్ద కథనం వేసింది. దాని మీద చర్చ జరిగింది. తరువాత కొద్దికాలానికే అమెరికన్ బార్ అసోసియేషన్ తన 509వ ప్రమాణం కింద ప్రతి లా స్కూలూ ఏటా ఒక పట్టిక బహిరంగంగా ప్రకటించాలని కట్టడి చేసింది. షరతు స్కాలర్‌షిప్పుతో ఎంతమంది చేరారు, వాళ్ళలో ఎంతమందికి తగ్గింది లేదా రద్దయింది అనేవి అందులో ఉండాలి. ఫీజు ఎంత, సగం ఫీజు కంటే తక్కువ సహాయం పొందినవారెందరు, పూర్తి ఫీజు సహాయం పొందినవారెందరు అన్న లెక్కలు కూడా ఉంటాయి. అమెరికా కాలేజీ నుంచి ఉత్తరం వచ్చినవాళ్ళు మొట్టమొదట తెరవవలసినది రంగుల బ్రోషరు కాదు, ఈ పట్టిక. ఒక్క జాగ్రత్త: "సక్రమంగా కొనసాగితే చాలు" అనే రెండో రకం స్కాలర్‌షిప్పును ఈ పట్టికలో షరతు స్కాలర్‌షిప్పుగా లెక్కించరు.

చట్టం కళ్ళతో

ఇప్పుడు ఉత్తరాన్ని మన పాఠ్యపుస్తకం పక్కన పెట్టి చదువుదాం. భవిష్యత్తులో ఒక సంఘటన జరిగితేనే నెరవేర్చవలసిన ఒప్పందాన్ని మన 1872 ఒప్పందాల చట్టంలో 31వ సెక్షను నిర్వచిస్తుంది. షరతు స్కాలర్‌షిప్పు ఆ కుటుంబానికి చెందినదే. మొదటి ఏడు డబ్బు ఖాయం, తరువాతి రెండేళ్ళది ఊహ. కాబట్టి లెక్క వేసేటప్పుడు "మూడేళ్ళ స్కాలర్‌షిప్పు" అనకుండా "ఒక ఏడాది స్కాలర్‌షిప్పు, రెండేళ్ళ ఆశ" అని రాసుకోవాలి.

ఉచితంగా ఇస్తానన్న మాటకు చట్టంలో బలముందా అన్నది క్లాసులో ఏటా వచ్చే ప్రశ్నే. 1886లో కేదార్‌నాథ్ భట్టాచార్జీ వర్సెస్ గోరీ మహమ్మద్ కేసులో, హౌరా టౌనుహాలుకు నూరు రూపాయల చందా ఇస్తానన్నవాడు ఇవ్వాల్సిందేనని కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ చందాలను నమ్మి కంట్రాక్టరుతో పని మొదలుపెట్టించారు గనుక. 1914లో అబ్దుల్ అజీజ్ వర్సెస్ మాసూం అలీ కేసులో మసీదు మరమ్మతుకు ఇస్తానన్న 500 రూపాయలు రాబట్టలేకపోయారు. ఆ మాటను నమ్మి ఏ పనీ చేయలేదు గనుక. తేడా ఎక్కడుంది? నమ్మి అడుగు వేయడంలో ఉంది. అమెరికాలో 1927 నాటి అలెఘెనీ కాలేజీ కేసు కూడా ఇటువంటిదే. ఒకావిడ కాలేజీకి 5,000 డాలర్ల విరాళం ఇస్తానని రాసి, వెయ్యి ఇచ్చి, తరువాత వెనక్కు తగ్గింది. ఆ సొమ్ము ఉద్దేశం విద్యార్థుల చదువు నిధి. ఆవిడ మాట చెల్లుతుందని జస్టిస్ కార్డోజో తీర్పు రాశారు.

ఇందులో విద్యార్థికి పనికివచ్చే నీతి ఒకటుంది. ఒక కాలేజీ మాట నమ్మి మీరు ఇంకో కాలేజీ సీటు వదులుకుంటున్నారు, డిపాజిటు కడుతున్నారు, ఊరు మారుతున్నారు. అంత నమ్మకం పెట్టే ముందు ఆ మాట కాగితం మీద ఉండాలి. ఫోనులో ఎవరో ఆఫీసరు "సాధారణంగా అందరికీ కొనసాగుతుందండీ" అన్నాడంటే అది ఒప్పందంలో భాగం కాదు. ఆ వాక్యాన్నే ఈమెయిలులో రాయమని అడగండి. రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్లే.

మూడు ఉత్తరాలు

మా క్లాసుమేటు ఒకడు చాలా ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్నాడు. వాడి కూతురుకు మూడు లా స్కూళ్ళలో సీటు వచ్చింది. ఉత్తరాలు స్కాన్ చేసి పంపి, "ఒరేయ్, నువ్వు పాఠాలు చెప్తావు గదా, చూసి చెప్పు" అన్నాడు. కాలేజీల పేర్లతో మనకు పని లేదు. లెక్క తేలికగా ఉండేందుకు అంకెలు గుండ్రంగా చేశాను.

'క' అనే కాలేజీకి దేశమంతటా పేరుంది. ఫీజు ఏడాదికి 70,000 డాలర్లు, ఖర్చులు 30,000. స్కాలర్‌షిప్పు లేదు. మూడేళ్ళకు 3 లక్షల డాలర్లు.

'ఖ' మధ్యస్థమైనది. ఫీజు 60,000, ఖర్చులు 25,000. స్కాలర్‌షిప్పు 40,000, పై మూడో వంతులో ఉండాలన్న షరతుతో. షరతు నిలిస్తే మూడేళ్ళకు 1 లక్షా 35 వేలు. మొదటి ఏడాది తరువాత పోతే 45,000, ఆపైన రెండేళ్ళు 85,000 చొప్పున, మొత్తం 2 లక్షలా 15 వేలు.

'గ' వాళ్ళ రాష్ట్రపు విశ్వవిద్యాలయం. ఫీజు 45,000, ఖర్చులు 20,000. స్కాలర్‌షిప్పు 25,000, సక్రమంగా కొనసాగితే చాలు. మూడేళ్ళకు 1 లక్షా 20 వేలు.

ఉత్తరాల మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె చూస్తే 'ఖ' గొప్ప. 40,000 ఎక్కడ, 25,000 ఎక్కడ! కాని మనం కట్టేది స్కాలర్‌షిప్పు కాదు, మిగిలినది. మిగిలినది చూస్తే 'గ' చవక, పైగా ఖాయం. 'గ' లోనూ ఒక మెలిక లేకపోలేదు. ఫీజు ఏటా 4 శాతం పెరిగిందనుకుందాం. రెండో ఏట 46,800, మూడో ఏట 48,672 అవుతుంది. స్కాలర్‌షిప్పు మాత్రం 25,000 దగ్గరే నిలబడుతుంది. మొత్తం మీద 5,472 డాలర్లు అదనం. స్కాలర్‌షిప్పును డాలర్ల అంకెగా ఇచ్చారా, ఫీజులో శాతంగా ఇచ్చారా అన్నది అందుకే అడగాలి.

వాడికి 'క' మీద మనసు. "పేరున్న కాలేజీ వదులుకుంటే మళ్ళీ వస్తుందా? ఇల్లు తాకట్టు పెడతాను" అన్నాడు. ఇంకా ఒక కొడుకు చదువు మిగిలి ఉంది, రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ అమ్మాయి నాతో విడిగా మాట్లాడింది. "అంకుల్, నాకు కార్పొరేట్ లా వద్దు. డబ్బు లేనివాళ్ళ కేసులు వాదించే ఆఫీసులో పనిచేయాలని ఉంది. నాన్న ఇల్లు తాకట్టు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన్ని చిన్నబుచ్చడం కూడా ఇష్టం లేదు" అంది. ఆ రెండు వాక్యాల మధ్య ఎంత బరువుందో ఆడపిల్లల తండ్రులకే కాదు, కొడుకుల తండ్రులకు కూడా తెలుసు.

పేరుకు వెల ఎంత?

పేరున్న కాలేజీకి విలువ లేదని నేను అనను. అది మీరు చేయదలచుకున్న పనిని బట్టి ఉంటుంది. అమెరికాలో కొత్త లాయర్ల జీతాలు ఒక విచిత్రమైన పద్ధతిలో ఉంటాయి. జీతాల పటం గీస్తే ఒంటెకు లాగా రెండు మూపురాలు కనిపిస్తాయి. ఒక మూపురం పెద్ద కంపెనీలకు పనిచేసే మహా సంస్థలది. 2023 చివర నుంచి అటువంటి సంస్థలు చాలావాటిలో మొదటి ఏడాది జీతం 2 లక్షలా 25 వేల డాలర్లు. రెండో మూపురం ప్రభుత్వ ఆఫీసులు, చిన్న ఫర్ములు, లీగల్ ఎయిడ్ వాళ్ళది. అది మొదటిదానిలో సగం కూడా ఉండదు. మధ్యలో ఉండేవాళ్ళు తక్కువ. కాబట్టి "లాయర్ల సగటు జీతం ఇంత" అని ఎవరైనా చెబితే, ఆ సగటు జీతం నిజంగా తీసుకునేవాళ్ళు కొద్దిమందేనని గ్రహించాలి.

మొదటి మూపురం ఎక్కాలనుకుంటే 'క' వంటి కాలేజీ నిచ్చెన అవుతుంది, అప్పు తీర్చే స్తోమత కూడా రావచ్చు. రెండోదాని మీద పనిచేయాలనుకునేవాళ్ళకు 3 లక్షల అప్పు మెడకు గుదిబండ. మనసులో పేదల కేసులు వాదించాలని ఉన్నా, అప్పు వాళ్ళను కంపెనీల గుమ్మంలో నిలబెడుతుంది. అక్కడ 2007లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ, ధార్మిక సంస్థలలో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కట్టినవారికి మిగిలిన ఫెడరల్ రుణం మాఫీ అయ్యే ఏర్పాటు ఉంది. అది పదేళ్ళ ఓపిక. పైగా రుణాల సంగతి మారింది. 2006 నుంచి గ్రాడ్యుయేటు విద్యార్థులు చదువు ఖర్చు మొత్తానికీ తీసుకోగలిగిన గ్రాడ్ ప్లస్ రుణాన్ని 2026 జులై 1 నుంచి కొత్తవారికి లేకుండా 2025 నాటి చట్టం ఎత్తివేసింది. లా వంటి వృత్తి విద్యలకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షల డాలర్లు మించకూడదని పరిమితి పెట్టింది. 'క' వంటి కాలేజీలో ఆపై మొత్తం ఇంట్లోంచైనా, ప్రైవేటు బ్యాంకు నుంచైనా రావాలి. స్కాలర్‌షిప్పు విలువ ఇందువల్ల ఇంకా పెరిగింది.

అడగనిదే అమ్మయినా పెట్టదు

మన పిల్లలకు ఇచ్చినది తీసుకోవడమే మర్యాద, ఇంకా అడగడం అత్యాశ అనే సంకోచం ఉంటుంది. అక్కడ అది అలవాటైన వ్యవహారమే. ఇంకో కాలేజీ ఉత్తరం జతచేసి, "మీ దగ్గర చేరాలని ఉంది, ఖర్చు అడ్డువస్తోంది, దయచేసి పునఃపరిశీలించండి" అని వినయంగా ఒక పేజీ రాస్తే చాలు. పునఃపరిశీలించబోమని ముందే చెప్పే కాలేజీలూ ఉన్నాయి. అడిగినందుకు ఎవరూ సీటు తీసేయరు.

రెండు హెచ్చరికలు మాత్రం ఉన్నాయి. లేని ఉత్తరం ఉన్నదని రాయకండి. దరఖాస్తులో అబద్ధం రేపు బార్‌లో చేరేటప్పుడు శీలపరీక్షలో బయటపడుతుంది. వృత్తి మొదలుకాక ముందే ముగియవచ్చు. రెండవది, సీటు వస్తే తప్పక చేరతామని ముందే కట్టుబడే దరఖాస్తు పద్ధతి ఒకటి ఉంది. అందులో చేరితే బేరమాడే శక్తి పోతుంది. కొనక తప్పదని తెలిసినవాడికి ఏ కొట్టువాడూ ధర తగ్గించడు.

ఆ అమ్మాయి 'ఖ' వాళ్ళకు రాసింది. డబ్బు పెంచమని కాదు, షరతు మార్చమని. వాళ్ళు షరతు మార్చలేమన్నారు, ఏడాదికి 5,000 పెంచుతామన్నారు. పట్టిక తీసి చూస్తే అంతకు ముందటి ఏడు షరతుతో చేరిన ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి పోయింది. డబ్బు పెంచడం తేలిక, షరతు తీయడం కష్టం ఎందుకయిందో అప్పుడు మా ఇద్దరికీ బోధపడింది. చివరికి 'గ' లో చేరింది. మావాడు రెండు వారాలు నాతో ముభావంగా ఉన్నాడు. ఇప్పుడామె రెండో సంవత్సరంలో ఉంది. ఆమె ఎంపిక ఒప్పో తప్పో చెప్పడానికి ఇంకా కాలం రావాలి. తాను దేనికి సంతకం పెట్టిందో మాత్రం ఆమెకు స్పష్టంగా తెలుసు.

మన దగ్గర

మన దేశంలో ఇలా కాలేజీలు పోటీపడి ఉత్తరాలు పంపడం అరుదు. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు మాత్రం చేస్తున్నాయి. అక్కడ ఈ వ్యాసంలోని ప్రతి ప్రశ్నా వర్తిస్తుంది. బెంగుళూరు నేషనల్ లా స్కూలులో 1988లో తరగతులు మొదలైన తరువాత, హైదరాబాదులో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ వచ్చాయి. వాటిలో ఖర్చు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. లాసెట్ ద్వారా ప్రభుత్వ విశ్వవిద్యాలయ కాలేజీలో చేరితే ఖర్చు అందులో చిన్న భాగం. ఇంటర్ పూర్తిచేసిన పిల్లవాడికి ఈ రెంటి మధ్య ఎంపికే మన "స్కాలర్‌షిప్పు ప్రశ్న".

మన దగ్గర సహాయం ముఖ్యంగా ప్రభుత్వానిది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఉంది. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు అందులో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. ఎంపిక చేసిన సంస్థలలో చదివే ఎస్.సి. విద్యార్థులకు కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్పుకు పరిమితి 8 లక్షలు. అందులో పరీక్ష తప్పితే సహాయం ఆగిపోతుంది. ఇదీ షరతే, అయితే పక్కవాడితో కుర్చీలాట కాదు, మన పరీక్ష మనం ప్యాసవడమే. ఈ రెండు షరతుల మధ్య న్యాయంలో ఎంత తేడా ఉందో విద్యార్థులు ఆలోచించాలి. వెనుకబడిన కుటుంబాల పిల్లలను జాతీయ లా స్కూళ్ళకు తయారుచేసి, చేరాక ఖర్చులకు ఆదుకునే ఐడియా అనే సంస్థను 2010లో ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ ప్రారంభించారు. ఆయన 2019లో పోయారు, పని సాగుతోంది.

మన దగ్గర ప్రమాదం షరతులో కంటే ఆలస్యంలో ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు రావడం ఆలస్యమైతే ఆ మధ్యకాలంలో ఎవరు కట్టాలి, సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి చేరేరోజునే అడగవలసిన ప్రశ్నలు. ప్రభుత్వం మాట నమ్మి అడుగు వేసినవాడికి 1978లో మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో సుప్రీం కోర్టు ప్రామిసరీ ఎస్టాపెల్ సూత్రంతో అండగా నిలిచింది. అది సిద్ధాంతం. హాలుటికెట్టు ఇవ్వని కౌంటరు దగ్గర సిద్ధాంతం కంటే చేతిలో ఉన్న రసీదు ఎక్కువ పనిచేస్తుంది.

ఎల్‌ఎల్‌.ఎం.కి విదేశాలు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. అది సాధారణంగా ఒక్క సంవత్సరపు చదువు కాబట్టి గ్రేడు షరతు బాధ అంతగా ఉండదు. అక్కడి షరతులు వేరు. బ్రిటిషు ప్రభుత్వపు చీవెనింగ్ స్కాలర్‌షిప్పు పొందినవారు చదువయ్యాక కనీసం రెండేళ్ళకు స్వదేశం తిరిగి రావాలి. ఫుల్‌బ్రైట్ మీద అమెరికా వెళ్ళినవారికీ రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న వీసా నిబంధన ఉంది. అక్కడే ఉద్యోగం చేసి అప్పు తీరుద్దామనుకునేవారు ఇది ముందే చూసుకోవాలి. విశ్వవిద్యాలయాలు ఇచ్చే పాక్షిక స్కాలర్‌షిప్పులైతే, మిగిలినది రూపాయల్లో సంపాదించి డాలర్లలో కట్టాలి. 2014లో డాలరు సుమారు 60 రూపాయలు. 2024 చివరికి 84 దాటింది. తిరిగి వచ్చి బోధనలో చేరాలనుకునేవారు ఆ డిగ్రీకి ఇక్కడ సమాన గుర్తింపు ఎలా వస్తుందో కూడా వెళ్ళకముందే విచారించుకోవాలి.

సంతకానికి ముందు

ఏ కాలేజీ ఉత్తరమైనా సరే, ఈ ప్రశ్నలకు జవాబులు తెల్ల కాగితం మీద రాసుకోండి.

1. స్కాలర్‌షిప్పు పోగా, హాస్టలు, భోజనం, పుస్తకాలు, ప్రయాణాలతో కలిపి, మొత్తం సంవత్సరాలకు నేను కట్టవలసినది ఎంత?

2. షరతు ఏమిటి? అది నా మార్కుల మీద ఉందా, పక్కవాడి మార్కులతో పోల్చి ఉందా? కిందటేడు ఎంతమందికి పోయింది?

3. ఒక్కసారి పోతే తిరిగి సంపాదించుకునే అవకాశం ఉందా?

4. ఫీజు పెరిగితే స్కాలర్‌షిప్పు పెరుగుతుందా?

5. ఈ కాలేజీలో చదివినవాళ్ళు చదువైన ఏడాదిలోగా ఏ పనుల్లో చేరారు? నేను చేయాలనుకునే పనిలో ఎంతమంది ఉన్నారు?

6. స్కాలర్‌షిప్పు రేపే రద్దయినా ఇక్కడ చదువు పూర్తిచేయగలనా?

7. నోటిమాటగా చెప్పినవన్నీ కాగితం మీద ఉన్నాయా?

ఆరో ప్రశ్నకు "చేయలేను" అన్నది జవాబైతే, మిగిలిన ఆరింటికీ ఎంత మంచి జవాబులు వచ్చినా మళ్ళీ ఆలోచించవలసిందే. ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి ఈ కాగితం వాళ్ళ ముందే చదవండి. అప్పు తీర్చేది వాళ్ళూ మీరూ కలిసే గనుక లెక్క కూడా కలిసే వేయాలి. పేరు ప్రతిష్ఠల గురించి మాట్లాడేటప్పుడు గొంతులు పెరుగుతాయి, అంకెల గురించి మాట్లాడేటప్పుడు తగ్గుతాయి. చాలా ఇళ్ళలో నేను గమనించిన సంగతి ఇది.

మన కాలేజీలో చదివే వాళ్ళలో ఎవరికైనా అటువంటి ఉత్తరం వస్తే సంతకం పెట్టకముందు ఒప్పందాల చట్టం చెప్పే మాస్టార్లలో ఎవరి దగ్గరికైనా తీసుకురండి. పాఠంలో చెప్పుకునే కేసులన్నీ ఎవరో ఒకరు కాగితం సరిగా చదవకుండా సంతకం పెట్టినందువల్ల పుట్టినవే. మన విద్యార్థి పేరు మీద ఇంకో కేసు పుట్టకుండా చూసుకోవడం మన అందరి పని అని మనవి చేస్తున్నాను.